అచ్చమ్మ గారి పోలికలు

తాడేపల్లిగూడెం కాలేజీలో ఇంటర్ మొదటి రోజున హాజరు పిలుస్తున్న మేడమ్ "అచ్చమ్మ" అనగానే క్లాసు క్లాసంతా గుమ్మం వైపు చూసింది. ఎవరో ముసలావిడ మనవరాలికి క్యారేజీ తెచ్చిందనుకున్నారు. మూడో బెంచీలోంచి ఓ పదహారేళ్ల పిల్ల లేచి, నేల చూపులు చూస్తూ "ప్రెజెంట్ మేడమ్" అంది. ఆ తరవాత పావుగంట పాఠం సాగితే ఒట్టు.

ఆ పిల్లని ఇంట్లో పింకీ అంటారు. ఆధార్ కార్డు అచ్చమ్మ అంటుంది. ఒకటి పసిపిల్ల పేరు, ఇంకోటి పండు ముసలి పేరు. మధ్యలో పదహారేళ్ల వయసుకి సరిపడే పేరొకటి ఉంటుందని ఆ ఇంట్లో ఒక్కరికీ తట్టలేదు.

తప్పంతా తాతగారిది. ఉంగుటూరు దగ్గర కాలవ కింద ఆరెకరాల వరి చేసే తాతారావు గారు, మనవరాలు పుట్టిందన్న కబురు పొలంలో విని, గట్టు మీద కూలబడి "మా అమ్మొచ్చింది" అన్నారు. బారసాలనాడు బియ్యంలో వాళ్లమ్మ పేరే రాయించారు. పిల్ల తల్లి గాయత్రి కిక్కురుమనలేదు. పెద్దల పేరు పెట్టడం మంచిదే. కానీ పిల్లన్నాక తిట్టాలా వద్దా? పోయిన పెద్దావిడ పేరు పెట్టి తిట్టడానికి కోడలికి నోరెలా వస్తుంది? ఒకసారి పాలు ఒలకబోసిందని "ఒసే అచ్చమ్మా!" అని కేకేసినందుకు తాతారావు గారు ఆ పూట అన్నం ముట్టలేదు. తిట్టుకోవడానికంటూ ఒక పేరు ఉండాలి గనక గాయత్రి "పింకీ" అని పెట్టుకుంది. అంటే పింకీ అనే పేరు పుట్టిందే తిట్లు తినడానికన్నమాట.

ఇక తాతారావు గారి సంగతి చెప్పాలంటే నవ్వాగదు. డెబ్బై నాలుగేళ్ల మనిషి, ఊళ్లో పెద్దరికం చేసే మనిషి, మనవరాలిని "మీరు" అంటారు. మూడో తరగతిలో ఉండగానే ఆ పిల్లని నిలబెట్టి "అమ్మా, ఈ ఏడు యూరియా రెండో దఫా చల్లించమంటారా?" అని అడిగేవారు. చల్లించమంటే చల్లించేవారు. ఆ పిల్ల వస్తోందంటే నోట్లో చుట్ట తీసి వెనక్కి దాచేసేవారు. అలా దాచి దాచి మూడు పంచెలు కాల్చుకున్నారు.

ఇదంతా చిన్నప్పుడు సరదాగానే ఉండేది. పెద్దయ్యాకే పింకీకి ఒళ్లు మండటం మొదలైంది. ఎందుకంటే ఆ ఇంట్లో ఆమె ఏం చేసినా అది ఆమె చేసినట్టు కాదు. బెండకాయ కూర పక్కకి నెడితే "మా అమ్మకీ పడదు" అనేవారు తాతగారు. వరసగా మూడు తుమ్ములు తుమ్మితే "మా అమ్మకీ మూడే" అనేవారు. ఒక కాలు దుప్పటి బయట పెట్టి పడుకుంటే అమ్మ పోలిక. కోపమొస్తే ధాన్యం బస్తాల మీదెక్కి కూర్చుంటే అమ్మ పోలిక. ఆఖరికి ఐదో తరగతిలో లెక్కల్లో పదకొండు మార్కులొస్తే, గాయత్రి గరిటె పట్టుకుని బయల్దేరే లోపు తాతగారు అడ్డం పడి "మా అమ్మకీ లెక్కలు రావండీ, ఊరుకోండి" అన్నారు. ఆవిడ బడికే వెళ్లలేదు కదా అని ఎవరూ అడగలేదు.

పింకీ మనసులో తాతమ్మకి ఒక రూపం ఏర్పడిపోయింది. ఎనభై ఏళ్లుంటాయి. చేతిలో కర్ర ఉంటుంది. ఊరంతా హడలిపోతుంది. ఫొటో అడిగితే లేదన్నారు. ఆ రోజుల్లో ఫొటో అంటే ఏలూరు వెళ్లి తీయించుకోవాలట. నాన్న గోపీనాథ్‌ని అడిగితే "నేను పుట్టేటప్పటికే ఆవిడ లేరమ్మా" అని పేపర్లో తల దూర్చేశాడు. నాయనమ్మ ఉంటే అడిగేదే, ఆవిడా పోయి చాలా కాలమైంది.

ఇలా ఉండగా ఇంగ్లీషు మేడమ్ ఒక వ్యాసం రాసుకు రమ్మంది. "నన్ను నేనుగా తీర్చిదిద్దినవి." నాలుగు పేజీలు. పింకీ నోటుబుక్కు తీసి పేజీ మధ్యలో స్కేలు పెట్టి గీత గీసింది. ఎడం పక్క "తాతమ్మవి", కుడి పక్క "నావి" అని రాసింది. ఎడం పక్కంతా గంటలో నిండిపోయింది. కుడి పక్క బుర్ర బద్దలు కొట్టుకుంటే ఒకే ఒక్క మాట తేలింది, మొటిమలు. మర్నాడు పొద్దున్న తాతగారు మనవరాలి మొహం చూసి "అమ్మకీ వచ్చేవి. సున్నిపిండి రాసుకునేది" అన్నారు. పింకీ లోపలికెళ్లి అది కూడా కొట్టేసింది.

ఆ రోజు అన్నాల దగ్గర బాంబు పేల్చింది. "నేను పేరు మార్పించుకుంటాను. గెజిట్‌లో వేయిస్తే మారుతుందంట. ఫీజులు కట్టి పేర్లు బోర్డుకి పంపించడానికి ఇంకా పది రోజులుంది. సమైరా అని పెట్టుకుంటాను."

తాతారావు గారు ముద్ద నోటి దాకా తెచ్చి ఆపేశారు. "అదేదో పొలానికి కొట్టే మందు పేరులా ఉందమ్మా."

"ఏదైనా పరవాలేదు తాతగారూ. నాది అయితే చాలు."

గోపీనాథ్ తండ్రి వైపు చూశాడు. ఆయన సరేనంటే తనకేం అభ్యంతరం లేదన్నాడు. తాతారావు గారు చెయ్యి కడుక్కుని వచ్చి అన్నారు. "మీ మాట నేనెప్పుడైనా కాదన్నానా అమ్మా? కానీ ఒక్క సంగతి. మా అమ్మకి లేనిది మీలో ఒక్కటంటే ఒక్కటి చూపించండి. అప్పుడు మీరు వేరు, ఆవిడ వేరు అని ఒప్పేసుకుంటాను. ఆ కాయితం మీద సాక్షి సంతకం నేనే పెడతాను."

ఒక్కటేగా, ఎంతసేపు అనుకుంది పింకీ. పాపం పిచ్చిపిల్ల!

మొదట జుట్టు మీద పడింది. స్నేహితురాలు సుష్మితని వెంటేసుకుని గూడెంలో బ్యూటీపార్లర్‌కి వెళ్లి, నడుం దాకా ఉన్న జడని భుజాల దాకా కోయించుకుని వచ్చింది. గాయత్రి గుండెలు బాదుకుంది. తాతారావు గారికి కళ్లనీళ్లు తిరిగాయి. "ద్వారకాతిరుమలలో మొక్కు తీర్చుకుని వచ్చాక, మా అమ్మ జుట్టు మళ్లీ మొలిచి సరిగ్గా ఇక్కడి దాకా ఉండేది!"

రెండో రోజు బెండకాయ వేపుడు చేయించుకుని, ముక్కు మూసుకుని గిన్నెడూ తినేసింది. ప్రతి ముద్దకీ ఒళ్లు జలదరించింది. ఖాళీ గిన్నె తెచ్చి తాతగారి ముందు ఠంగుమని పెట్టింది.

"ఆయ్! అంతేనండీ!" అని తొడ చరిచారు తాతారావు గారు. "పంతం వచ్చిందంటే పడనిది కూడా తినేసేది. అమ్మే!"

నాలుగో రోజు ఫోన్లో నేర్చుకున్న కొరియా భాషలో ఆయనతో ఐదు నిమిషాలు మాట్లాడింది. వీధిలో కుక్క కూడా మొరగడం ఆపి విన్నది. తాతగారు భక్తిగా విని, "కోపం ముదిరితే ఇలాగే, ఎవరికీ తెలీకుండా ఏదో గొణుక్కునేది" అన్నారు.

ఆరో రోజున తండ్రి స్కూటీ తీసింది. నడపడం రాదు. రాకపోయినా తీసింది, ఎందుకంటే తాతమ్మ కాలంలో స్కూటీలు లేవు, ఇక దీనికి తిరుగులేదనుకుంది. కాలవగట్టు మీద పాతిక గజాలు బ్రహ్మాండంగా పోయింది. అక్కడ ఒక గేదె అడ్డొచ్చింది. గేదె కదల్లేదు, బ్రేకు దొరకలేదు, స్కూటీ కాలవలోకి దిగింది. నలుగురు కలిసి లాగితే నెత్తిన గుర్రపుడెక్క, ఒళ్లంతా బురదతో పింకీ పైకొచ్చింది. గట్టు మీద తాతారావు గారు గొడుగు పట్టుకుని నిలబడి, మొహం చాటంత చేసుకుని చూస్తున్నారు.

"చెప్పకండి," అంది పింకీ నోట్లో బురద ఊసేస్తూ.

"ఎద్దుబండమ్మా," అన్నారాయన. "సరిగ్గా ఈ మలుపులోనే."

ఆ సాయంత్రం పింకీ ఏడ్చింది. ఊరికే కాదు, వెక్కి వెక్కి ఏడ్చింది. తనకంటూ ఒక్క తుమ్మయినా లేని మనిషి ఏం మనిషి? ఎవరో వాడి వదిలేసిన మనిషిని తొడుక్కుని తిరుగుతున్నట్టుంది. సుష్మిత ఫోన్లో అంతా విని, లాయరులా గొంతు సవరించుకుని అంది. "ఒసేయ్, మీ తాతగారు చెప్పడం తప్ప వేరే సాక్షి ఎవరూ లేరా? ఆవిణ్ని కళ్లారా చూసినవాళ్లు?"

ఒకరున్నారు. ఆ అచ్చమ్మ గారి సొంత తమ్ముడు, తాతారావు గారి మేనమామ, సుందరరావు గారు. ఎనభై ఆరేళ్లు. గుండుగొలను అవతల కొల్లేటి చేపల చెరువుల దగ్గర కూతురింట్లో ఉంటారు. తాతగారు ఏడాదికోసారి వెళ్లి చూసొస్తారు గానీ, పింకీ వస్తానంటే మాత్రం "అక్కడికెందుకమ్మా, దోమలు" అనేవారు. ఆదివారం ఎవరికీ చెప్పకుండా వెళ్లాలనుకుంది. బస్సెక్కాక భయం వేసి తల్లికి మాత్రం ఫోన్ చేసింది.

గుండుగొలనులో బస్సు దిగి ఆటో ఎక్కి వెళ్లేసరికి సుందరరావు గారు చెరువుగట్టు మీద తాటాకు పందిరి కింద కుర్చీలో ఉన్నారు. ఒళ్లో నూనె డబ్బా, చేతిలో కర్ర. చేపల కోసం వాలే పక్షుల్ని డబ్బా కొట్టి తోలడం ఆయన పని. చెవులు వినపడవు గనక ఆ మోత ఆయనకి ఏ ఇబ్బందీ లేదు, చుట్టుపక్కల వాళ్లకే.

"ఎవరమ్మాయివే?" అన్నారు.

"తాతారావు గారి మనవరాల్నండీ! అచ్చమ్మని!"

ఆయనకి వినపడలేదు. పింకీ ఊపిరి నిండా పీల్చుకుని మళ్లీ అరిచింది. "అచ్చమ్మని!" చెరువు మీద గూడబాతులన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి. తన పేరు అంత గట్టిగా తను ఎప్పుడూ చెప్పుకోలేదు.

సుందరరావు గారు డబ్బా పక్కన పెట్టారు. "ఓర్నాయనో, ఏం గొంతే! ఇదెవరి పోలిక? మా అక్క మాట్లాడితే పక్కనున్నవాళ్లకి కూడా వినపడేది కాదు."

పింకీ గుండె ఎగిరి గంతేసింది. చటుక్కున నోటుబుక్కు తీసి, అదే గొంతుతో అడిగింది. "తాతమ్మకి బెండకాయ పడదంట కదండీ?"

"పెట్టింది తినేది. పడుద్దో పడదో ఎవరడిగారు?"

"కోపమొస్తే బస్తాలెక్కి కూర్చునేదంట కదండీ?"

"కోపమా? మా అక్కకా? నోట్లో నాలుక లేని మనిషే."

"మరి ఎద్దుబండి కాలవలోకి తోలిందంట?"

సుందరరావు గారు బోసినోటితో పడి పడి నవ్వారు. "బండి తోలనివ్వడమే! వీధి గుమ్మంలోకి రానిచ్చేవారు కాదు."

పింకీ రాస్తోంది, కొట్టేస్తోంది, మళ్లీ రాస్తోంది. పెన్ను పరుగెడుతోంది. గెలుపంటే ఇది! ఒక్కటి కాదు, పాతిక దొరికేట్టున్నాయి. "ఆవిడ పోయేనాటికి వయసెంతండీ? ఎనభై ఉంటాయా?"

"ఎనభయ్యా? ఇరవై ఒకటో, ఇరవై రెండో. నాట్లప్పుడు జ్వరం తగిలింది. నాలుగే రోజులు."

పెన్ను ఆగింది. చేతిలో కర్ర, హడలిపోయే ఊరు, అన్నీ ఒక్కసారిగా మాయమైపోయాయి. ఇరవై ఒకటంటే సుష్మిత వాళ్లక్క వయసు. ఆ అమ్మాయి ఇంకా సప్లిమెంటరీలు రాస్తోంది.

"మరి తాతగారికి?"

"వాడికి నాలుగేళ్లు. ఏం గుర్తుంటది చెప్పు? ఏటా వచ్చి నన్నడిగేవాడు, మావయ్యా, మా అమ్మెలా ఉండేదని. నాకేం తెలుసే? అప్పటికి నాకు పదహారు. గోళీల ధ్యాస. అక్కని తేరిపార చూసిన పాపాన పోలేదు. గుర్తులేదురా అనేవాణ్ని. జుట్టు నెరిసిపోయినా అడిగేవాడు. సిగ్గుతో చచ్చిపోయేవాణ్ని." ఆయన చెరువు వైపు చూశారు. "ఓ పదహారేళ్ల కిందట మానేశాడు."

"అడగడమా?"

"ఊఁ. తనే చెప్పడం మొదలెట్టాడు. ఓ ఏడొచ్చి, మావయ్యా, మా అమ్మకి తుమ్ములు మూడొస్తాయి తెలుసా అన్నాడు. తర్వాతేడు, మా అమ్మ ఓ కాలు దుప్పటి బయట పెట్టి పడుకుంటది అన్నాడు. ఎవరు చెప్పారో ఏమోగానీ భలే చెబుతాడే! నేనూ నోరు తెరుచుకుని వింటా. మా అక్క ఎలాంటిదో నాకూ అప్పుడే తెలిసింది."

గూడబాతులు మళ్లీ వచ్చి వాలాయి. సుందరరావు గారు డబ్బా అందుకుని ఢమఢమా మోగించారు. పింకీకి ఆ మోత వినపడలేదు.

తిరుగు బస్సులో సీటు దొరికింది. భీమడోలు వచ్చే లోపల కుడి పక్క పేజీ నిండిపోయింది. తుమ్ములు నావి. బెండకాయ మీద అసహ్యం నాది. బస్తాలు నావి, పంతం నాది, కాలవ నాది. తాతమ్మ పోలికలు తనకి రావడమేమిటి? తన పోలికలే తాతమ్మకి వచ్చాయి! బస్సులో ఎవరూ లేకపోతే లేచి గంతులేసేది. ఇంటికెళ్లి ఈ పేజీ తాతగారి ముందు పరిస్తే ఆయన నోరు పడిపోదూ?

పూళ్ల దాటాక ఆ ముచ్చట తగ్గింది. ఆయన నోరు పడిపోతుంది, నిజమే. తరవాత? అరవై ఏళ్ల దాకా ఆ మనిషికి అమ్మ అంటే పేరు తప్ప ఏమీ లేదు. మొహం లేదు, మాట లేదు, కోపం లేదు. ఒక పసిపిల్ల తుమ్మితే ఆ తుమ్ము ఒడిసి పట్టుకుని అమ్మకి పెట్టుకున్నారు. ఆ పిల్ల అలిగితే ఆ అలకా పెట్టుకున్నారు. ఒక్కొక్కటే పోగేసుకుని పదహారేళ్లలో అమ్మని తయారు చేసుకున్నారు. అందులో తనని అడగకుండా తీసుకున్నారన్న కోపం పింకీకి ఎంత వెతికినా దొరకలేదు. చున్నీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల దించుకుంది. కైకరంలో ఎక్కినావిడ "ఏమ్మా, బస్సు పడదా?" అని నిమ్మకాయ ఇచ్చింది.

ఉంగుటూరు స్టాపులో తాతారావు గారు నిలబడి ఉన్నారు. గాయత్రి చెప్పేసినట్టుంది. ఎండలో ఎంతసేపట్నుంచి ఉన్నారో, ఉతికిన చొక్కా తడిసి వీపుకి అంటుకుపోయింది. పింకీ దిగగానే జేబులోంచి పెన్ను తీశారు.

"ఆ కాయితం ఇలా ఇచ్చేయండమ్మా. సంతకం పెట్టేస్తాను. ఆ సమైరానే పెట్టుకోండి, బాగానే ఉంది." ఆమె మొహం వైపు చూడకుండా గబగబా అన్నారు. "మావయ్య పెద్దవాడైపోయాడు. ఆయనకేం గుర్తుంటుంది? ఆయనన్నవి మీరు నాకేం చెప్పక్కర్లేదు."

పింకీకి అప్పుడు అర్థమైంది. ఆయనకి తెలుసు. మొదట్నుంచీ తెలుసు.

"చెప్పాలి తాతగారూ," అంది. "తాతమ్మ ముమ్మూర్తులా నాలాగే ఉండేదంట."

తాతారావు గారు పెన్ను పట్టుకున్న చెయ్యి అలాగే ఉంచేశారు. "మావయ్యన్నాడా?"

"ఆయనే. గొంతు విప్పిందంటే చెరువు మీద పక్షులు లేచిపోయేవంట."

"అవునవును," అన్నారు తాతారావు గారు మెల్లిగా. "గొంతు పెద్దదే." తరవాత కాసేపు చెప్పులతో మట్టి రాశారు. ఏదో అడగబోయి ఆగారు. మళ్లీ అడగబోయి ఆగారు. ఆఖరికి, ఊళ్లో పెద్దరికం చేసే ఆ మనిషి, చిన్నపిల్లాడి గొంతుతో అడిగారు. "నన్ను ఎత్తుకునేదా?"

సుందరరావు గారు ఆ సంగతి చెప్పలేదు. పింకీ అడగనూ లేదు. అయినా అచ్చమ్మ అయితే ఏం చేసేదో తెలుసుకోవడం ఎంత తేలికో తట్టింది. నాలుగేళ్ల పిల్లాడు ఇలా చూస్తూ నిలబడితే తనైతే ఏం చేస్తుంది?

"కిందకి దించేదే కాదంట తాతగారూ. కాలు నేల మీద పెట్టనిచ్చేది కాదంట. చంక కాయలు కాసిపోయినా దించేది కాదంట."

తాతారావు గారు మొహం అటు తిప్పుకున్నారు. పెన్ను జేబులో పెట్టుకోబోతే రెండుసార్లు కింద పడింది. పింకీ తీసి ఇచ్చింది. ఆయన ఆమె భుజం మీద సంచీ తీసుకుని తన భుజాన వేసుకుని, స్టాపులో ఆటో పెట్టుకుని కునుకు తీస్తున్న ఏసోబుని తట్టి లేపారు.

"ఏవండీ ఏసోబు గారూ, లేవండి. మా అమ్మ నన్ను కిందకి దించేదే కాదంటండీ."